అమ్మీ తినని ముద్ద, బిడ్డ చదవని చదువు

ముస్లింలు పిల్లల్ని బడికి ఎందుకు పంపరు? ఈ ప్రశ్న మమ్మల్ని అడగని వాళ్లు లేరు. గిట్టని వాళ్లు వెక్కిరింతగా అడుగుతారు. సెక్యులర్ మిత్రులు బాధగా అడుగుతారు. మా పెద్దమనుషులు జుమ్మా నమాజు తర్వాత మసీదు మెట్ల మీద కూర్చుని మమ్మల్నే తిడుతూ అడుగుతారు. జవాబులు కూడా ముందే సిద్ధంగా ఉంటాయి. మతం అంటారు. మదర్సా అంటారు. బురఖా అంటారు. గంపెడు పిల్లలంటారు. అడిగేవాళ్లు మా గురించి అడుగుతారుగానీ, మా తల్లుల గురించి, ఆ తల్లుల పసితనం గురించి ఎవరూ అడగరు.

లెక్కలు లేవని కాదు. 2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. 2001 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతమే. 6 నుంచి 14 ఏళ్ల వయసు ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి గడప తొక్కనే లేదు, లేదా మధ్యలో మానేశారు. అదే నివేదిక ఇంకో సంగతి కూడా తేల్చింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురో నలుగురో. అంటే మదర్సా జవాబు చెల్లదు. నూటికి నలుగురు వెళ్లే చోటు, మిగిలిన తొంభై ఆరుగురి చదువు ఎందుకు ఆగిందో చెప్పలేదు.

మరి పేదరికమా? అవును. కానీ ఆ మాట కూడా సగమే. పేదరికం అనగానే అందరికీ కనబడేది ఇవాళ్టి పేదరికం. ఫీజు కట్టలేని తండ్రి, పంక్చర్ షాపులో పనికి కుదిరిన పదేళ్ల పిల్లవాడు. మేం ఇక్కడ చెప్పాలనుకున్నది దానికంటే పాత ఆకలి. ఇవాళ బడిలో వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడి ఆకలి కాదు. వాణ్ని కన్న తల్లి పసిపాపగా ఉన్నప్పటి ఆకలి. ఆ ఆకలికి రేషన్ కార్డులో పేరుండదు, కమిటీల నివేదికల్లో పట్టిక ఉండదు. కానీ అది పోదు. తల్లి ఒంట్లో దాక్కుని, బిడ్డ పలక దాకా వస్తుంది.

ఇది కవిత్వం కోసం అంటున్న మాట కాదు. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే, ఆమె అండాశయాల్లో జీవితమంతటికీ సరిపడా అండాలు తయారైపోతాయి. అంటే మనల్ని పుట్టించిన అండం మన అమ్మీ కడుపులో పుట్టింది కాదు. మన నానీ కడుపులో పుట్టింది. నానీ నిండు చూలాలుగా ఉన్నప్పుడు ఏం తిన్నదో, ఎన్ని పూటలు పస్తున్నదో ఆ లెక్కలో మనమూ ఉన్నాం. మన దగ్గర వంశవృక్షాలు రాసుకున్న ఖాందాన్‌లున్నాయి. మగవాళ్ల పేర్లే రాసుకున్నారు. ఆడవాళ్ల ఆకలిని ఎవరూ రాసుకోలేదు. అది ఒంటి మీదే రాసి ఉంది.

ఎలా రాసి ఉంటుంది? పసితనంలో, ముఖ్యంగా కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండే దాకా సరైన తిండి లేని ఆడపిల్ల పొట్టిగా ఎదుగుతుంది. పొట్టిగా ఎదిగిన పిల్ల కటి ఎముక ఇరుకవుతుంది, కాన్పు కష్టమవుతుంది. 145 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న తల్లులకు కాన్పు ప్రమాదకరమని ఆరోగ్య సర్వేలన్నీ ఒక గీత గీసుకున్నాయి. ఆమె కన్న బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు జబ్బులెక్కువ, ఎదుగుదల తక్కువ. చిన్నగా ఉన్నాడు కదా, వచ్చే ఏడు చేర్పిద్దాంలే అని బడిలో ఆలస్యంగా వేస్తారు. తల్లికి రక్తం తక్కువైతే బిడ్డకు అందే ఇనుమూ తక్కువే. ఇనుము చాలని పసి మెదడు నేర్చుకోవడంలో నెమ్మదిస్తుంది. ఇది ఒక దారి.

రెండో దారి ఇంకా మామూలుది, అందుకే కంటికి ఆనదు. పసితనంలో ఎదగని ఆడపిల్ల తానే సరిగా చదవదు. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఆగిపోతుంది. ఆగిన పిల్లకు నికా తొందరగా అవుతుంది. పదహారేళ్లకో పదిహేడేళ్లకో తల్లవుతుంది. తన ఒళ్లే ఇంకా ఎదుగుతున్న పిల్ల, కడుపులో బిడ్డతో తిండి పంచుకుంటుంది. తర్వాత ఆ బిడ్డ బడికి పోయి పుస్తకం తెచ్చి ముందు పెడితే చదివి చెప్పలేదు. టీచరు ముందు నిలబడి అడగలేదు. ఒంట్లో సత్తువ లేని తల్లికి ఇంటిపనిలో సాయానికి పెద్దకూతురు కావాలి. ఆ పెద్దకూతురి బడి అక్కడితో సరి. చూడండి, చక్రం మళ్లీ మొదటికొచ్చింది.

ఈ చక్రం ఎప్పుడు తిరగడం మొదలైంది? తెలుగు నేల మీద ఆకలికి చరిత్ర ఉంది, పేర్లు కూడా ఉన్నాయి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో వచ్చిన కరువుకు జనం పెట్టిన పేరు డొక్కల కరువు. డొక్కలు పైకి తేలిన మనుషుల్ని చూసి పెట్టిన పేరు. 1876-78లో వచ్చింది ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. నిజాం రాజ్యంలోనూ ఆకలి పాకింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. అదే కాలంలో దేశం రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కి బయటికి పోతూనే ఉంది. 1877లో కరువు పనులు తనిఖీ చేయడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పని చేసే మనిషికి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం, దాని మీద కొద్దిపాటి డబ్బులు చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది మనిషి బతికే తిండి కాదని పోట్లాడాడు. ఆడవాళ్లకు దక్కింది మగవాళ్ల కంటే తక్కువే. కడుపుతో ఉన్న ఆడమనిషి రాళ్లు మోస్తే కడుపులో బిడ్డకు ఎంత అందిందో ఎవరూ తూకం వేయలేదు.

ఆ కరువులో పొలం కూలీల పక్కనే కూలిపోయింది మగ్గం మీద బతికే జనం. తినడానికే లేనప్పుడు బట్ట ఎవరు కొంటారు? సాలెవాళ్లు, దూదేకులవాళ్లు, అద్దకంవాళ్లు, చేతివృత్తుల మీద బతికే ముస్లింలంతా ఆ వరసలోనే ఉన్నారు. తెలుగు ముస్లింలంటే నవాబుల వారసులని ఇప్పటికీ అనుకునే వాళ్లున్నారు. మాలో చాలామంది తాతముత్తాతలు దూది ఏకినవాళ్లు, తోలు పదును పెట్టినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, కల్లం దగ్గర చేయి చాచిన ఫకీర్లు. చార్మినార్ మాది అనిపించుకోవడానికి బాగానే ఉంటుంది. డొక్కల కరువు కూడా మాదే. దాన్నెవరూ మాకు రాసివ్వరు.

ధాత కరువులో పుట్టిన ఆడపిల్ల నుంచి ఇరవై ఏళ్లకో తరం చొప్పున లెక్కేసుకుంటే, 1977కు అయిదు తరాలు. మధ్యలో కొత్త కరువులొచ్చాయి. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. కరువు లేని ఏళ్లలోనూ కడుపు నిండిన ఏళ్లు తక్కువే. కరువు పోతే ఆకలి పోతుందని ప్రభుత్వాలు లెక్క రాసుకుంటాయి. ఒళ్లు అలా రాసుకోదు.

ఒంటిని చదవడంలో దొరలు ఇంకో తప్పు కూడా చేశారు. కొన్ని జాతులు పుట్టుకతోనే యుద్ధవీరులు, కొన్ని పుట్టుకతోనే బలహీనులు అని విభజించి సైన్యంలో చేర్చుకున్నారు. రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. తర్వాతి ఏళ్లలో ఎలుకలకు ఈ దేశంలోని వేరువేరు జనం తిండి పెట్టి చూశాడు. సిక్కుల తిండి, అంటే గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న ఎలుకలు బలంగా ఎదిగాయి. బెంగాలీ తిండి, మద్రాసీ తిండి, అంటే పాలిష్ పట్టిన బియ్యం తిన్నవి చిక్కిపోయాయి. ఎలుకలన్నీ ఒక్క జాతివే. తేడా రక్తంలో లేదు, కంచంలో ఉంది. ఒక జనం వెనకబాటుకు వాళ్ల పుట్టుకను, మతాన్ని కారణం చూపేవాళ్లందరికీ ఆ ఎలుకలు అప్పుడే జవాబు చెప్పాయి.

కూనూరులోని ఆ ఒక్క గది పెరిగి పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. తార్నాకలో ఉంది. డాక్టర్ సి.గోపాలన్ లాంటి వాళ్లు అక్కడ పనిచేశారు. 1980ల్లో దేశంలో ఒక వాదం లేచింది. పేదవాళ్లు పొట్టిగా ఉంటే ఏం? తక్కువ తిండికి ఒళ్లు సర్దుకుంది, పొట్టిగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు అని కొందరు లెక్కల పండితులు అన్నారు. ఇది వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆకలిని లెక్కలోంచి తీసేస్తే ఆకలి తీరినట్టే. గోపాలన్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పొట్టితనం ఆరోగ్యమైతే అది పేదల పిల్లలకే ఎందుకు, ఉన్నవాళ్ల పిల్లలకెందుకు కాదని ఆయన వాదన సారాంశం. సర్దుకుపోవడం మా తల్లులకు కొత్త కాదు. దానికి సైన్సు ముద్ర కూడా వేస్తామంటే ఒప్పుకోవడం కుదరదు.

తల్లి పసితనంలోని ఆకలి బిడ్డ చదువు దాకా వస్తుందనడానికి రుజువేమిటని అడగొచ్చు. అడగాలి కూడా. ముందు మా వాదానికి ఎదురు నిలిచే సంగతి చెబుతాం. 1944-45 చలికాలంలో నాజీ సైన్యం హాలెండు పడమటి నగరాలకు తిండి రాకుండా అడ్డుకుంది. మనిషికి రోజు రేషను వెయ్యి కేలరీల కంటే దిగజారింది. 1945 మేలో విముక్తితో ఆ ఆకలి ఆగింది. ఆ చలికాలంలో తల్లుల కడుపుల్లో ఉన్న మగపిల్లలు 19 ఏళ్లకు సైన్యం పరీక్షలకు వచ్చినప్పుడు, జీనా స్టయిన్, మెర్విన్ సస్సర్, వాళ్ల తోటి పరిశోధకులు లక్షా పాతికవేల మంది తెలివి పరీక్షలు చూశారు. తేడా ఏమీ కనబడలేదు. 1972లో ఆ ఫలితం అచ్చయింది. మరి మేం చెప్పేది అబద్ధమా? కాదు. ఆ తల్లులు అంతకు ముందు కడుపు నిండా తిని పెరిగినవాళ్లు. ఆ పిల్లలు తర్వాత కడుపు నిండా తిన్నవాళ్లు. మధ్యలో కొన్ని నెలల ఆకలి. మా తల్లుల ఆకలికి అలా మొదలూ చివరా లేవు.

చైనా సంగతి వేరు. 1959-61 కరువులో అక్కడ చనిపోయినవాళ్లు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని వేరువేరు అంచనాలు. బాగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో హుయీ ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్న గన్సూ ఒకటి. ఆ కరువు ఏళ్లలో పల్లెల్లో పుట్టిన ఆడపిల్లలు పెరిగి తల్లులయ్యారు. వాళ్ల పిల్లలు కరువెరగరు. దేశం డబ్బు చేసుకుంటున్న రోజుల్లో పెరిగారు. అయినా జనగణన లెక్కలు తిరగేసి చూసిన ఆర్థికశాస్త్రవేత్తలకు, ఆ తల్లుల పిల్లలు ప్రాథమిక బడి దాటి పై బడిలో చేరడంలో వెనకబడ్డట్టు కనిపించింది. బిడ్డ ఆకలి ఎరగడు. కానీ ఆకలి బిడ్డను ఎరుగుతుంది.

మూడోది మధ్య అమెరికాలోని గ్వాటెమాలా. 1969 నుంచి 1977 దాకా నాలుగు పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. రెండు పల్లెల్లో పిల్లలకు, తల్లులకు అటోలె అనే మాంసకృత్తులున్న జావ పోశారు. మిగతా రెండు పల్లెల్లో ఫ్రెస్కో అనే తీపి పానీయం ఇచ్చారు, అందులో మాంసకృత్తులు లేవు. వైద్యం నాలుగు పల్లెలకూ ఒక్కటే. తర్వాత దశాబ్దాల పాటు ఆ పిల్లల్ని వదలకుండా వెతికి చూశారు. మూడేళ్లు నిండకముందు ఆ జావ తాగిన ఆడపిల్లలు, తాగని ఆడపిల్లల కంటే 1.2 తరగతులు ఎక్కువ చదివారు. రెండేళ్లలోపు తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు 46 శాతం ఎక్కువ కూలి సంపాదించారు. ఇంకో తరం ముందుకు పోయి చూశారు. చిన్నప్పుడు ఆ జావ తాగిన ఆడవాళ్లు కన్న బిడ్డలు, మిగతావాళ్ల బిడ్డల కంటే 116 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు, 1.3 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. ఒక గిన్నె జావ రెండు తరాలు నడిచింది. ఆకలి ఒక్కటే వారసత్వంగా రాదు. తిండి కూడా వస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదు. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోసే ఊరు ఇబ్రహీంపట్నం. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను ఆయన. అప్పటి రంగారెడ్డి జిల్లాలోని ఆ ఊరి చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం నడిపింది. ప్రభుత్వ అంగన్‌వాడీ పథకం అప్పటికే చేరిన 15 ఊళ్లలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఏళ్ల తర్వాత ఆ పిల్లల్ని మళ్లీ కలిశారు. ఉప్మా ఊళ్లలో ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలు రెండో రకం ఊళ్ల పిల్లల కంటే 0.84 తరగతులు ఎక్కువ చదివారు. బడిలో ఉన్నవాళ్లూ ఎక్కువే. మార్కుల్లో తేడా కనబడలేదు. తేడా కనబడింది బడిలో నిలబడడంలో. ఇరవై, పాతికేళ్ల వయసులో చూస్తే సెకండరీ చదువు పూర్తి చేసినవాళ్లు ఉప్మా ఊళ్లలో 9 శాతం ఎక్కువ. అప్పటికే పెళ్లయినవాళ్లు 6 శాతం తక్కువ.

ఈ చివరి అంకెను మా సమాజం ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. బాల్యవివాహాల మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. ఉపన్యాసాలిచ్చేవాళ్లు మౌల్వీ సాబ్‌నో, తండ్రినో దోషిగా నిలబెట్టి పోతారు. ఇక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తల్లులకూ పసిపిల్లలకూ ఉప్మా పెట్టారు, అంతే. పిల్ల బడిలో నిలబడింది, పెళ్లి వెనక్కి జరిగింది. ఆ ఏళ్లలో పుట్టిన ఆడపిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. తల్లులై పిల్లల్ని బడికి పంపే వయసు వాళ్లది.

ఇక మా ఇళ్ల సంగతికి వస్తాం. ఇక్కడ ఒక చిత్రం ఉంది. ముస్లింలు పిల్లల్ని కంటారుగానీ పెంచడం తెలియదని ఎగతాళి చేసేవాళ్లు వినాలి. దేశవ్యాప్త ఆరోగ్య సర్వేల్లో, సగటున ఎక్కువ పేదలైనా, ముస్లిం శిశువులు హిందూ శిశువుల కంటే తక్కువగా చనిపోయారు. పండితులు దీన్ని పొడుపుకథ అన్నారు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం ఆ పొడుపు విప్పింది. ముస్లిం ఇళ్లలో మరుగుదొడ్డి వాడకం ఎక్కువ, ఇరుగుపొరుగు వాళ్లూ అదే అలవాటు వాళ్లు కావడంతో పసిపిల్లలకు విరేచనాల జబ్బులు తక్కువ. అంటే మా పిల్లలు పుట్టాక బతుకుతున్నారు. బతికిన పిల్లలు చదువులో ఎక్కడ ఆగిపోతున్నారన్నదే ప్రశ్న. తెలివిలో లోపం లేదు, పెంపకంలో లోపం లేదు. బతకడానికీ ఎదగడానికీ మధ్య ఉన్న ఖాళీలో ఆగుతున్నారు. ఆ ఖాళీ పేరు తిండి.

ఆ ఖాళీని పూడ్చాల్సిన చోట మా దస్తర్‌ఖాన్ కూడా ఉంది. ముందు మగవాళ్లు, తర్వాత మగపిల్లలు, చివర గిన్నె అడుగున మిగిలిందాంతో ఆడవాళ్లు. కూతురికి నికా చేయాలి, జోడేకీ రఖమ్ ఇవ్వాలి అని ఆమె కంచంలోంచే పొదుపు మొదలుపెట్టడం మా బస్తీల్లో మామూలు. నిజామాబాద్, కరీంనగర్ వైపు మా ఆడవాళ్లు తునికాకు కత్తిరిస్తూ, పొగాకు దుమ్ము మింగుతూ వెయ్యి బీడీల లెక్క పూర్తిచేసే దాకా లేవరు. చాయ్‌తో ఆకలి చంపుకుంటారు. తల్లి పక్కన కూర్చున్న కూతురు దారం చుడుతూ పెరుగుతుంది. మర్నాటి తల్లి ఆ పిల్లే.

రంజాన్ గురించి కూడా మాట్లాడుకోవాలి. మేం మాట్లాడకపోతే మా మీద విషం కక్కేవాళ్లు మాట్లాడతారు. ఇంగ్లండులో పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాల పిల్లల ఏడేళ్ల వయసు పరీక్షల మార్కులు చూసిన ఒక అధ్యయనం 2015లో అచ్చయింది. తల్లి గర్భం మొదటి నెలల్లో రంజాన్ పడ్డ పిల్లల మార్కులు కొద్దిగా తక్కువున్నాయి. మన దీన్ దీనికి ఎప్పుడో దారి చూపింది. తనకో బిడ్డకో హాని జరుగుతుందని భయపడే గర్భిణి, పాలిచ్చే తల్లి రోజా విడిచి తర్వాత తీర్చుకోవచ్చు. ఆ రుఖ్సత్‌ను వాడుకున్న కోడల్ని అత్తగారు, ఆడబిడ్డ, వీధిలోవాళ్లు తప్పుగా చూస్తేనే చిక్కు. ఖుదా ఇచ్చిన సడలింపును మనం గుంజుకోకూడదు. ఇది ఖుత్బాలో చెప్పాల్సిన మాట.

కంచంలోంచి గుంజుకునేవాళ్లు బయట కూడా ఉన్నారు. పెద్దకూర మా ఇళ్లలోనూ దళితవాడల్లోనూ మొన్నమొన్నటి దాకా అన్నిటికంటే చవకగా దొరికిన మాంసం. రక్తహీనతకు ఇనుము కావాలని డాక్టర్లు చెబుతారు. ఆ ఇనుము ఒంటికి బాగా పట్టేది మాంసం నుంచే. ఆంధ్రప్రదేశ్‌లో గోవధ నిషేధ చట్టం 1977లోనే వచ్చింది. ఆ తర్వాత దేశంలో చట్టం చేసిన దానికంటే దారికాచిన కర్రలు చేసిందే ఎక్కువ. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టడానికి ఒప్పుకోలేదు. ఎవరో తినని తిండి, తినే పిల్లలకూ లేకుండా చేయడం పవిత్రత ఎలా అవుతుంది? ఇక్కడ దళిత తల్లి, ముస్లిం తల్లి ఒకే బంతిలో ఉన్నారు. మా ఐక్యతకు ఇంతకంటే గట్టి పునాది ఇంకోటి కనబడదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల అంగన్‌వాడీ పథకం మొదలైంది. 1983లో ఎన్.టి.రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాడు. ఆ బియ్యం కడుపు నింపింది, ఆ మేలు మా బస్తీలు మరిచిపోవు. కానీ కూనూరు ఎలుకలు చెప్పిన సంగతి అప్పటికీ వర్తిస్తుంది. పాలిష్ బియ్యం ఒక్కటీ తల్లిని నిలబెట్టదు. 2013లో ఆహార భద్రతా చట్టం గర్భిణికీ బాలింతకూ భోజనం హక్కు అన్నది. 2015 జనవరి నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు పెట్టడం మొదలైంది. ఇవి మంచి అడుగులు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇది ఒక్క మతం అంకె కాదు. అందరి తల్లుల అంకె.

2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దానికోసం మేం పోట్లాడాం. కోర్టుల్లో ఇప్పటికీ దాన్ని కాపాడుకుంటున్నాం. దానివల్ల మా పిల్లలు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. అయితే రిజర్వేషన్ తలుపు ఇంటర్ దాటాక తెరుచుకుంటుంది. రెండో తరగతిలో ఆగిన పిల్ల ఆ తలుపు దాకా రాదు. ఆమె ఆగింది రెండో తరగతిలో కూడా కాదు, తల్లి కడుపులో. కాబట్టి సామాజిక న్యాయం గురించి మాట్లాడేటప్పుడు కాలేజీ సీటుతో మొదలుపెడితే చాలదు. అంగన్‌వాడీ గిన్నెతో మొదలుపెట్టాలి.

అందుకే మేం అడిగేవి చిన్న కోరికలు. ప్రతి ముస్లిం బస్తీలో, ప్రతి దళితవాడలో అంగన్‌వాడీ ఉండాలి. అద్దె గదిలో మూలన పడి ఉండటం కాదు, తల్లులు నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. అక్కడ ఉర్దూ తెలిసిన ఆయా ఉండాలి. బీడీలు చుట్టే తల్లికి పని మానుకోకుండానే భోజనం అందాలి. ఆడపిల్ల మొదటి మూడేళ్ల తిండిని ఆమెకు పుట్టబోయే పిల్లల చదువుగా లెక్కగట్టి బడ్జెట్‌లో డబ్బు పెట్టాలి. మా జమాతులను కూడా అడుగుతున్నాం. జకాత్ డబ్బుతో పెళ్లిళ్లు చేయించడం తెలుసు మనకు. బస్తీలో కడుపుతో ఉన్న పేద ఆడవాళ్లకు తొమ్మిది నెలలు గుడ్డు, పాలు అందేలా ఆ డబ్బులోంచి కొంత తీయడం ఎందుకు తెలియకూడదు?

ఇకమీదట ఎవరైనా మీ పిల్లలు ఎందుకు చదవరని అడిగితే, మేం వాళ్లనే అడుగుతాం. ఈ పిల్లవాడి అమ్మీకి మూడేళ్లు నిండేలోపు గుడ్డు దొరికిందా? పాలు దొరికాయా? వాళ్ల నానీ నిండు నెలల్లో ఏం తిని బీడీలు చుట్టింది? ఆ లెక్క తేలాక మా మతం గురించి ఎంతైనా మాట్లాడుకుందాం.